ఆపరేషన్ అయ్యాక ఎవరూ రాలేదు

మూడో బిడ్డ మాట మళ్లీ రచ్చకెక్కింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2024 నవంబర్‌లో ఎత్తేసింది. ఎక్కువమందిని కనండని ముఖ్యమంత్రే చెబుతున్నారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేలు ఇస్తానని విజయనగరం ఎంపీ 2025లో ప్రకటించారు. ఇదే మాట నెల్లూరు జిల్లా యానాది గిరిజనుల కాలనీల్లో ఎత్తి చూడండి, ఆడవాళ్లు నవ్వేస్తారు. పాతిక, ముప్పై ఏళ్ల వయసులో ఉన్నవాళ్లలో చాలామందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది మరి.

కుటుంబ నియంత్రణ గుర్తైన ఎర్ర త్రికోణం, ఎమర్జెన్సీ నాడు మగవాళ్లకు చేసిన వేసెక్టమీలు అందరికీ తెలిసినవే, మళ్లీ చెప్పను. ఎమర్జెన్సీ దెబ్బకు మగవాళ్ల జోలికి వెళ్లాలంటే ప్రభుత్వాలు జంకాయి, బరువంతా ఆడవాళ్ల మీద పడింది. ఇక్కడికి అది చాలు.

అసలు మలుపు 1997లో వచ్చింది. ఆపరేషన్ల టార్గెట్లు వద్దని కేంద్రం 1996 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఆడవాళ్ల ఆరోగ్యం మొత్తాన్ని పట్టించుకోవాలని, లెక్క కోసం ఒత్తిడి చేయొద్దని దాని సారాంశం. మరుసటి ఏడాది చంద్రబాబు ప్రభుత్వం తెచ్చిన రాష్ట్ర జనాభా విధానం ఎదురు దారి పట్టింది. ఊళ్లో ఆపరేషన్లు ఎంత బాగా జరిగితే డ్వాక్రా, బలహీన వర్గాల ఇళ్లు, బడి భవనాలు, పనుల్లో ఆ ఊరికి అంత ప్రాధాన్యం అన్నారు. జిల్లాకు మూడు జంటల్ని లక్కీడిప్ తీసి 10,000 రూపాయల చొప్పున బహుమతి ఇవ్వాలని కూడా ఆ విధానంలో రాసుకున్నారు. ఒక మనిషి ఒంటికి చేసే ఆపరేషన్‌కు లక్కీడిప్! రెండో బిడ్డ తర్వాత ఆపరేషన్‌కు రాని ఇంటి మీద ఊరంతా కన్నేసే పరిస్థితికి ఇది చాలదా? పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన అప్పటికే, 1994 చట్టంతోనే ఉంది.

అంకెల్లో చూస్తే ఇది గెలుపే. ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1992-93లో 2.6, 2005-06కల్లా 1.8. 2019-21లో 1.7. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్ల వాటా ఒక్క శాతం కూడా లేదు. మాత్రలు, లూప్, నిరోధ్ అన్నీ కలిపినా వేళ్ల మీద లెక్కే. ముప్పై దాటని మనిషికి ఆపరేషన్ తప్ప మరో దారి ఉందని చెప్పినవాళ్లే లేరు.

విడవలూరు మండలంలో రొయ్యల గుంటల పక్కనున్న ఒక గిరిజన కాలనీకి వెళ్లాను. నలభై ఏళ్లు ఉంటాయేమో, ఒకామె వాసానికి వేలాడదీసిన క్యారీబ్యాగు దించి కాగితాలన్నీ చాప మీద పరిచింది. అడుగున ఆపరేషన్ సర్టిఫికెట్, మడతల దగ్గర చిరిగి, టేపు అతికించి ఉంది. రేషన్ కార్డు కంటే దాన్నే ఎక్కువ జాగ్రత్త చేసినట్టుంది. "రెండో కాన్పు అయినాక చేశారయ్యా, అప్పుడు నాకు ఇరవై. అంతకుముందు నర్సమ్మ వారానికోసారి వచ్చేది. అయిపోయినాక మా ఇంటికి ఎందుకొస్తాది?" అంది.

తర్వాత తెల్లబట్ట, నడుం నొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులు, చివరికి టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. క్యాన్సర్ అవుతుందని భయపెట్టి 31 ఏళ్లకే గర్భసంచి తీసేశారట. డబ్బు గుంట యజమాని ఇచ్చాడు. ఆ అప్పు కింద మొగుడూ పెళ్లామూ ఏళ్ల తరబడి గుంటకు కాపలా ఉన్నారు. మందులతో తగ్గే జబ్బేమోనని ఎవరైనా అన్నారా అని అడిగితే ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు.

ఇది ఒక్క కాలనీ కథ కాదు. 2015-16 సర్వేలో దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు విచ్చలవిడిగా జరుగుతున్నాయని గోల రేగాక ప్రభుత్వమే వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేసింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ శిబిరాలను మూడేళ్లలో ఎత్తేయమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసుకు మూలం బీహార్‌లో ఒక బడిలో రెండు గంటల్లో 53 మందికి చేసిన శిబిరం.

ప్రభుత్వ వాదన లేకపోలేదు. జనం వయసు పైబడుతోంది, పనిచేసే చేతులు తగ్గుతాయి, లోక్‌సభ నియోజకవర్గాల పునర్విభజన జరిగితే దక్షిణాది సీట్లకు గండి పడుతుంది. కాకపోతే ఆ లెక్కలో కాలనీ ఆడమనిషి మళ్లీ అంకెగానే కనిపిస్తోంది, అప్పుడు తగ్గించాల్సిన అంకె, ఇప్పుడు పెంచాల్సిన అంకె.

పాత ప్రకాశం జిల్లా దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు చెంచులకు కనీసం 2023లో మొదలైన పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకం కింద సంచార వైద్య వాహనాలకు చోటుంది. యానాదులకు అదీ లేదు. అత్యంత వెనుకబడిన గిరిజన తెగల జాబితాలో వాళ్ల పేరు లేదు కాబట్టి. కట్టె కొట్టడానికి, ఇటుక బట్టీలకు, బాతుల వెంట నెలల తరబడి ఊరొదిలి పోతారు. ఆశా కార్యకర్త వచ్చేసరికి గుడిసెకు తడిక కట్టి ఉంటుంది, రిజిస్టర్‌లో 'ఊళ్లో లేరు' అని పడుతుంది.

నేను వెళ్లిన రోజు ఆ పెద్దామె కోడలు కూడా అక్కడే ఉంది. పంతొమ్మిదేళ్లు, ఏడో నెల. ఆధార్ లేదు, బ్యాంకు ఖాతా లేదు, కాబట్టి మాతృ వందన యోజన 5,000 రాదు. తల్లీబిడ్డ కార్డులో ఒక్క పరీక్షే రాసి ఉంది. పెద్దామె సర్టిఫికెట్ మడిచి సంచిలో పెడుతుంటే, "నాకూ అది ఇస్తారా?" అని అడిగింది.