చిన్న దేశాల దౌత్యం ఖర్చు ఎవరు భరిస్తారు? అపోహలు - వాస్తవాలు

వియన్నాలో చిన్న దేశాల దౌత్య కార్యాలయాలకు జీతాలు, అద్దెలు, పన్నుల లెక్కలు చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇక్కడ చదువుకునే మన పిల్లలు, ఆ కార్యాలయాల్లో కొత్తగా చేరిన లోకల్ స్టాఫ్ తిప్పితిప్పి అడిగేది ఒకటే: అంత చిన్న దేశం ఇన్ని సంస్థల్లో ఎలా నెగ్గుకొస్తోంది, ఖర్చంతా యూరప్ వాళ్లే పెట్టుకుంటారా అని.

అపోహ: సభ్యత్వ చందా కడితే చాలు, మిగతాది సంస్థే చూసుకుంటుంది.

వాస్తవం: ఇలా అనుకున్న దేశమే అందరికన్నా ఎక్కువ నష్టపోతుంది. యూరప్ భద్రతా సహకార సంస్థనే తీసుకోండి, అదే ఓఎస్‌సీఈ. 57 దేశాలున్నాయి, 2021 బడ్జెట్ దాదాపు 13.8 కోట్ల యూరోలు, అందులో బుల్లి దేశాల వాటా ఒక్క శాతం కూడా రాదు. అసలు ఖర్చు మనుషుల మీద. దౌత్యవేత్త జీతం, ఇంటి అద్దె, పిల్లల స్కూలు ఫీజు, ఇన్సూరెన్స్, ఆఫీసు అద్దె, అన్నీ సొంత ఖజానా నుంచే రావాలి. సంస్థలోకి డిప్యుటేషన్ మీద మనిషిని పంపినా జీతం పంపిన దేశమే ఇచ్చుకోవాలి. ఏడాదికో దేశం చేపట్టే ఆ సంస్థ అధ్యక్ష పదవి తీసుకుంటే ఇక చెప్పక్కర్లేదు. 2024కి ఎస్టోనియాను రష్యా అడ్డుకోవడంతో, ఐదున్నర లక్షల జనాభా ఉన్న మాల్టా 2023 చివర్లో హడావిడిగా ఆ బాధ్యత నెత్తిన వేసుకుంది.

నాకు తెలిసిన ఒక కార్యాలయంలో చందా రసీదు పద్ధతిగా ఫైల్ చేసి, రెండో దౌత్యవేత్త పోస్టు మాత్రం పొదుపు పేరుతో ఖాళీగా వదిలేశారు. ఉన్న ఒక్కావిడ పొద్దున హోఫ్‌బర్గ్ ప్యాలెస్‌లో ఓఎస్‌సీఈ శాశ్వత మండలిలో కూర్చుని, మధ్యాహ్నం డాన్యూబ్ దాటి ఐక్యరాజ్యసమితి భవనానికి పరిగెత్తేది. తమ వాటా ఎంతో తేల్చే కమిటీకి వెళ్లే మనిషే లేకపోయాడు! ఓఎస్‌సీఈలో నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే జరుగుతాయి. 1975లో మధ్యధరా భద్రత గురించి రాస్తేనే ఒప్పుకుంటామని మాల్టా భీష్మించుకుంటే ఈ సంస్థకు పునాది వేసిన హెల్సింకి ఒప్పందం ముసాయిదా జెనీవాలో ఆగింది, చివరికి ఆ మాట అందులో చేరింది. అంత బలం ఉన్న కుర్చీని మనిషి లేకుండా వదిలేసి చందా కట్టామని చెప్పుకోవడం నాకు మింగుడుపడదు.

అపోహ: ఓఎస్‌సీఈ బడ్జెట్ పాస్ కాలేదట, మా జీతాలు ఆగిపోతాయి.

వాస్తవం: ఈ పుకారు పుట్టించేవాళ్లు ఒక్క కాగితం కూడా చదవరు, టెన్షన్ మాత్రం డ్రైవర్లకీ రిసెప్షన్ వాళ్లకీ. 2022, 2023, 2024లో ఏకాభిప్రాయం కుదరక బడ్జెట్ పాస్ కాలేదు, నిజమే. అయినా పాత బడ్జెట్ లెక్కన నెలనెలా డబ్బు విడుదల చేస్తూ సంస్థను నడిపారు. ధరలు పెరిగినా అంకె పెరగకపోవడం ఆ సంస్థకు నిజమైన కష్టమే. కానీ దౌత్య కార్యాలయంలో పనిచేసే మీకు జీతమిచ్చేది మీ దేశపు విదేశాంగ శాఖ, ఓఎస్‌సీఈ కాదు. కంగారుపడి ఫోన్ చేసిన ఒకావిడతో ఉద్యోగ ఒప్పందం మొదటి పేజీ తీయించి, యజమాని ఎవరని రాసుందో ఆవిడ చేతే చదివించాను. అప్పటిదాకా ఆమెకు పాపం రాత్రిళ్లు నిద్ర లేదు.

అపోహ: కౌన్సిల్ ఆఫ్ యూరప్ అంటే యూరోపియన్ యూనియనే.

వాస్తవం: కాదు. స్ట్రాస్‌బర్గ్‌లో ఉండే వేరే సంస్థ, 46 దేశాలు, ఎవరి బడ్జెట్ వారిదే. చందా జనాభానూ ఆదాయాన్నీ బట్టి ఉంటుంది, కానీ మానవ హక్కుల కోర్టులో జర్మనీకీ ఒక్క జడ్జే, లిక్టెన్‌స్టైన్‌కీ ఒక్క జడ్జే.

అపోహ: ఈఈఏ (యూరోపియన్ ఆర్థిక ప్రాంతం) పేరుతో యూరప్‌లో ఆదాయం తక్కువున్న దేశాలకు వచ్చే గ్రాంట్లు యూరోపియన్ యూనియన్ ఇచ్చే డబ్బు.

వాస్తవం: ఇచ్చేది యూనియన్‌లో లేని ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్, నార్వే. సింహభాగం నార్వేదే.

అపోహ: దౌత్య కార్యాలయాలకు అసలు పన్నే ఉండదు.

వాస్తవం: వ్యాట్ ముందు కట్టి, బిల్లులు పెట్టి వాపసు తీసుకుంటారు. ఇక్కడే స్థిరపడి ఆ కార్యాలయాల్లో చేరిన లోకల్ స్టాఫ్‌కు ఆస్ట్రియా చట్టం ప్రకారం సామాజిక బీమా కట్టాల్సిందే. కట్టడం లేదని అనుమానం వస్తే ఈ నెల పేస్లిప్‌లో ఆ వరుస ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా అడగండి.