జ్వరం, దద్దుర్లు, ల్యాబ్ రిపోర్టు: అపోహలు - వాస్తవాలు

వైరాలజీ ల్యాబ్‌లో మాకు రక్తం గొట్టంతో పాటు ఒక కాగితం అందుతుంది. జ్వరం ఎప్పుడు మొదలైంది, దద్దుర్లు ఎప్పుడు కనిపించాయి అని అందులో రెండు గడులుంటాయి. చాలాసార్లు అవి ఖాళీగా వస్తాయి. ఆ రెండు తేదీలు తెలియకపోతే మేమిచ్చే ఫలితాన్ని ఎవరూ సరిగా చదవలేరు.

అపోహ: దద్దుర్లు చూస్తేనే జబ్బు తెలిసిపోతుంది, పరీక్ష దండగ.

ఆటలమ్మ విషయంలో ఇది చాలావరకు నిజం. అప్పుడే లేస్తున్నవి, నీరు పట్టినవి, చెక్కు కట్టినవి ఒకే ఒంటిమీద కనిపిస్తాయి కాబట్టి అనుభవమున్న వైద్యులు చూసి చెప్పేస్తారు. ఎర్రటి సన్న దద్దుర్ల సంగతి వేరు. తట్టు, రుబెల్లా, డెంగీ, చికున్‌గున్యా, పార్వోవైరస్ బి19 అన్నీ అలాంటివే తెస్తాయి. ‘అమ్మవారు పోసింది’ అని వేపాకులు కట్టి ఇంట్లోనే ఉంచేవారిని నేను తప్పుపట్టను. వేపాకులు కట్టుకోండి, కానీ ఆశా కార్యకర్తకు కబురు చేయండి. అది తట్టయితే దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచి నాలుగు రోజుల తర్వాతి దాకా పక్కవారికి అంటుకుంటుంది. బిడ్డకు విటమిన్ ఎ మోతాదులు కూడా పడాలి.

అపోహ: నెగెటివ్ వచ్చిందంటే ఆ జబ్బు లేనట్టే.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. డెంగీలో తొలి ఐదు రోజులు వైరస్ తాలూకు ఎన్ఎస్1 ప్రొటీన్‌ను వెతకాలి. మన శరీరం తయారుచేసే ఐజీఎం యాంటీబాడీలు సాధారణంగా ఐదో రోజు తర్వాతే చేతికి చిక్కుతాయి. రెండో రోజు ఐజీఎం చేయించినా, ఎనిమిదో రోజు ఎన్ఎస్1 ఒక్కటే చేయించినా నెగెటివ్ రావచ్చు. డెంగీ మాత్రం ఉండవచ్చు. పైగా గతంలో ఒకసారి డెంగీ వచ్చినవారిలో ఐజీఎం అంతగా పెరగకపోవచ్చు, ఎన్ఎస్1 కూడా త్వరగా మాయమవుతుంది. రెండోసారి డెంగీలోనే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఈ సంగతి చికిత్స చేసేవారికి తెలిసి ఉండాలి.

తట్టులోనూ అంతే. దద్దుర్లు వచ్చిన తొలి మూడు రోజుల్లో తీసిన రక్తంలో సుమారు 20 నుంచి 30 శాతం మందికి ఐజీఎం కనిపించదు. అనుమానం బలంగా ఉంటే కొన్ని రోజులాగి మళ్లీ రక్తం తీయాలి. లేదా తొలి రోజుల్లోనే గొంతు స్వాబ్‌తో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ఆర్టీ-పీసీఆర్ పరీక్ష చేయాలి. రక్తాన్ని దద్దుర్లు మొదలైన 28 రోజుల దాకా పరీక్షించవచ్చు, స్వాబ్‌కు అంత వ్యవధి లేదు.

అపోహ: ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీయే.

చాలా వైరస్ జ్వరాల్లో తగ్గుతాయి, మలేరియాలోనూ తగ్గుతాయి. వైరస్ వల్ల కాక బ్యాక్టీరియా వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంలోనూ తగ్గుతాయి. దాని గుర్తుగా చంకలోనో గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉందేమో వెతకాలి. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ అనే మంచి మందుంది. అందరూ డెంగీ అనుకుంటూ కూర్చుంటే ఆ మందు ఆలస్యమై ప్రాణం మీదికి వస్తుంది. ఇది నన్ను బాధపెట్టే విషయం.

అపోహ: టీకా వేశాక దద్దుర్లొచ్చి తట్టు పాజిటివ్ అయితే, టీకా వల్ల జబ్బు అంటుకున్నట్టే.

ఎంఆర్ (తట్టు-రుబెల్లా) టీకా వేసిన వారం, రెండు వారాల్లో కొందరు పిల్లలకు కొద్దిగా జ్వరం, దద్దుర్లు వస్తాయి. టీకా కూడా ఐజీఎంను పుట్టిస్తుంది, అది దాని పనే. అనుమానముంటే స్వాబ్‌లో దొరికిన వైరస్ జన్యురకం చూస్తారు. టీకాలోది ఎ రకం, బయట తిరిగే తట్టు వైరస్‌లు డి8, బి3 వంటివి. టీకా తేదీని కూడా కాగితం మీద రాయండి.

అపోహ: గర్భిణికి రుబెల్లా ఐజీజీ పాజిటివ్ అంటే బిడ్డకు ముప్పు.

ఐజీజీ అంటే ఐజీఎం తర్వాత వచ్చి చాలాకాలం నిలిచే యాంటీబాడీ. అది ఒక్కటే ఉంటే, సాధారణంగా పాత రక్షణకు గుర్తు. టీకా వల్ల గానీ చిన్నప్పటి జబ్బు వల్ల గానీ వచ్చి ఉంటుంది. ఐజీఎం కూడా పాజిటివ్ అయితే కంగారుపడి ఏ నిర్ణయమూ తీసుకోకండి. పార్వోవైరస్ వల్లనో, కీళ్లవాతం ఉన్నవారి రక్తంలో తరచూ కనిపించే రుమటాయిడ్ ఫ్యాక్టర్ వల్లనో ఐజీఎం తప్పుగా పాజిటివ్ రావచ్చు. ఐజీజీ వైరస్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూసే ఎవిడిటీ పరీక్షలో ఆ పట్టు బలం ఎక్కువగా తేలితే ఇన్‌ఫెక్షన్ కొన్ని నెలల కిందటిదని అర్థం. ఒక్క ఐజీఎం కాగితం పట్టుకుని గర్భం తీయించుకోవాలని అడిగేవారికి నేను చెప్పేది ఒకటే: ముందు ఈ ఎవిడిటీ పరీక్ష చేయించి, రెండు రిపోర్టులతో ప్రసూతి వైద్యురాలి దగ్గరికి వెళ్లండి.