అపోహలు - వాస్తవాలు: ఇంటిగ్రేషన్ బట్టీ పట్టే పాఠం కాదు

ఇంటర్ రెండో సంవత్సరం తరగతులు మొదలైన కొద్ది రోజులకే ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, ఇంటిగ్రేషన్ సూత్రాలన్నీ ఒకేచోట ఉన్న చార్టు ఏదైనా ఉంటే చెప్పండి. మావాడు దసరా సెలవుల్లో మొత్తం బట్టీ పట్టేస్తానంటున్నాడు." అడిగేది తండ్రి అయినా, తల్లి అయినా గొంతులో ఆత్రం, భయం రెండూ ఉంటాయి. ఆ తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఇంటిగ్రేషన్ అంటే సూత్రాలు బట్టీ పట్టడమేనన్న మాటను పుట్టించినవారి మీద. సీనియర్లు జూనియర్లకు చెబుతారు, ట్యూషన్ల వాళ్లు తల్లిదండ్రులకు చెబుతారు, గైడ్ల అట్టల మీద అచ్చవుతుంది. ఏళ్ల తరబడి మాట్రిక్సులు, వెక్టర్లు, ఇంటిగ్రేషన్ పాఠాలు చెబుతున్న నాకు, పిల్లలకు ఇంతకంటే ఎక్కువ నష్టం చేసిన పుకారు మరొకటి కనిపించలేదు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను. ఇంటిగ్రేషన్ అంటే డిఫరెన్షియేషన్‌కు తిరుగు ప్రయాణం: డెరివేటివ్ (మార్పు రేటు) ఇస్తే అసలు ప్రమేయాన్ని వెనక్కి కనుక్కోవడం.

అపోహ: సూత్రాలన్నీ నోటికి వస్తే ఇంటిగ్రేషన్ వచ్చినట్లే

రాదు. సూత్రాలు నోటికి వచ్చి కూడా లెక్క దగ్గర బిగుసుకుపోయిన పిల్లలను ప్రతి బ్యాచిలోనూ చూస్తున్నాను.

ఒకమ్మాయి హాస్టల్ గదిలో మంచం పక్క గోడంతా సూత్రాల కాగితాలు అంటించుకుంది. ఏది అడిగినా తడుముకోకుండా చెప్పేది. యూనిట్ టెస్టులో మాత్రం పేపరు సగం ఖాళీగా ఇచ్చింది. పిలిచి కూర్చోబెట్టి, బోర్డు మీద 1/(ఎక్స్² + 4ఎక్స్ + 13) రాసి ఇంటిగ్రేట్ చేయమన్నాను. చాలాసేపు చూసి, "ఇది చార్టులో లేదు మేడమ్" అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నిజానికి అది ఆ చార్టులోనే ఉంది. ఎక్స్² + 4ఎక్స్ + 13 అంటే (ఎక్స్ + 2)² + 9. అలా రాసిన క్షణంలో అది టాన్ ఇన్వర్స్ సూత్రం అవుతుంది. జవాబు (1/3) టాన్ ఇన్వర్స్ ((ఎక్స్ + 2)/3) ప్లస్ సి. సూత్రం ఆ అమ్మాయికి వచ్చు. ఆ సూత్రం దాకా దారి ఎలా వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు అదే బోర్డు మీద చివరి అంకెను మాత్రం మారుస్తూ పోయాను. 13 తీసి 4 పెడితే హారం (ఎక్స్ + 2)² అవుతుంది. అప్పుడు టాన్ ఇన్వర్స్ లేదు, లాగ్ లేదు, జవాబు మైనస్ 1/(ఎక్స్ + 2). 4 తీసి 3 పెడితే హారం (ఎక్స్ + 1)(ఎక్స్ + 3)గా విడిపోతుంది. పాక్షిక భిన్నాలు చేస్తే సగం లాగ్ ((ఎక్స్ + 1)/(ఎక్స్ + 3)) వస్తుంది. మళ్లీ 13 పెట్టి, లవంలో 1కి బదులు 2ఎక్స్ + 4 రాస్తే అది హారానికి డెరివేటివే కాబట్టి ఒక్క వరుసలో లాగ్. లవంలో ఎక్స్ మాత్రమే ఉంచితే లాగ్, టాన్ ఇన్వర్స్ రెండూ కలిసి వస్తాయి. ఒక అంకె మారితే పద్ధతే మారిపోయింది. ఏ చార్టూ ఈ సంగతి చెప్పదు. వర్గ సమీకరణాల పాఠంలో చదివిన విచక్షణి (బి² - 4ఎసి) ఇక్కడ దారి చూపిస్తుంది. అది ధనమైతే హారం విడిపోతుంది, సున్నా అయితే పూర్తి వర్గం, రుణమైతే టాన్ ఇన్వర్స్. మందుల దుకాణంలో ఉన్న పేర్లన్నీ కంఠతా వచ్చినవాడు వైద్యుడు కానట్టే, సూత్రాలన్నీ వచ్చినంత మాత్రాన ఇంటిగ్రేషన్ రాదు. ఏది ఎక్కడ వాడాలో చూడగలగడమే ఈ పాఠం.

గైడ్లతో, వీడియోలతో వచ్చే చిక్కు కూడా ఇదే. సాధన ఎప్పుడూ "ఎక్స్² = టి అనుకోండి" అన్న వరుసతో మొదలవుతుంది. ఎందుకు అనుకోవాలి? సైన్ ఎక్స్‌ను ఎందుకు అనుకోకూడదు? లెక్క మొత్తంలో విలువైన ఆలోచన ఆ వరుసకు ముందే జరిగిపోయింది, అది అచ్చులో లేదు. మిగిలిన వరుసలు తొమ్మిదో తరగతి బీజగణితం. వాటిని చూసి "అర్థమైంది" అనుకుంటారు. అర్థమైన మాట నిజమే, కానీ అర్థమైంది బీజగణితం.

అందుకని మా తరగతిలో ఒక అలవాటు పెట్టాను. అన్ని పద్ధతుల లెక్కలనూ కలగలిపి ఒక కాగితం మీద ఇస్తాను. వేటినీ పూర్తిగా చేయకూడదు. ప్రతి లెక్కకూ మొదటి వరుస, ఆ వరుస ఎందుకో ఒక చిన్న కారణం, అంతే రాయాలి. "ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్: ముందు ఎక్స్ ఉంది, ఎక్స్² డెరివేటివ్‌లో ఎక్స్ వస్తుంది, కాబట్టి ఎక్స్² = టి." ఇలా. అధ్యాయం చివరి అభ్యాసంలో లెక్కలన్నీ ఒకే పద్ధతివి కావడంతో పిల్లలకు ఎంచుకునే అవసరమే పడదు. పరీక్షలో పడుతుంది. గోడ నిండా కాగితాలు అంటించుకున్న ఆ అమ్మాయి ఈ అభ్యాసం మొదలుపెట్టిన కొన్ని వారాలకే తనంతట తాను దారులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. పబ్లిక్ పరీక్షలో ఇంటిగ్రేషన్ ప్రశ్న ఒక్కటీ వదలలేదు.

ఇంతకీ కంఠతా రావలసిన సూత్రాలు ఎన్ని? నిజంగా చాలా తక్కువ. డెరివేటివ్‌ల పట్టికను తిరగేస్తే వచ్చేవి, వాటికి తోడు హారంలో ఎక్స్² ± ఎ², దాని వర్గమూలం ఉన్న రూపాలు. అంతకుమించి కనిపించేవన్నీ వీటి నుంచే పుడతాయి. చార్టులో లాగ్ ఎక్స్ ఇంటిగ్రల్ లేదని పేపరు వదిలేసి వచ్చినవారున్నారు. 1 ఇంటూ లాగ్ ఎక్స్ అని రాసి విభాగ సమాకలనం (ఇంటిగ్రేషన్ బై పార్ట్స్) చేస్తే రెండు వరుసల్లో ఎక్స్ లాగ్ ఎక్స్ మైనస్ ఎక్స్ వస్తుంది.

విభాగ సమాకలనం అన్నాను కాబట్టి చెబుతున్నాను. దిద్దేటప్పుడు నాకు మాటిమాటికీ ఎదురయ్యే తప్పు ఇది: ఎక్స్ కాస్ ఎక్స్‌ను ఇంటిగ్రేట్ చేయమంటే ఎక్స్²/2 ఇంటూ సైన్ ఎక్స్ అని రాయడం. దేనికది విడిగా ఇంటిగ్రేట్ చేసి గుణించారు. ఆ జవాబును ఒక్కసారి డిఫరెన్షియేట్ చేసి ఉంటే ఎక్స్ సైన్ ఎక్స్ ప్లస్ ఎక్స్²/2 కాస్ ఎక్స్ వచ్చేది, ఇచ్చిన లెక్క ఇది కాదని అక్కడికక్కడే తెలిసిపోయేది. సరైన జవాబు ఎక్స్ సైన్ ఎక్స్ ప్లస్ కాస్ ఎక్స్ ప్లస్ సి. దీన్ని డిఫరెన్షియేట్ చేసి చూడండి, సైన్‌లు రెండూ కొట్టుకుపోయి ఎక్స్ కాస్ ఎక్స్ మిగులుతుంది. భయపడే పిల్లలకు నేను ముందుగా చెప్పే మాట ఇదే. ఇంటిగ్రేషన్‌లో మీ జవాబు తప్పో ఒప్పో మీరే తేల్చుకోవచ్చు, పరీక్ష హాలులోనే, ఎవరినీ అడగకుండా. ఇంత భరోసా ఇచ్చే అధ్యాయాన్ని పిల్లలకు బూచిగా చూపించడం అన్యాయం.

అపోహ: కీలో ఉన్న జవాబు రాకపోతే లెక్క తప్పు

రాత్రి పదింటికి ఒకబ్బాయి ఫోను చేశాడు. సైన్ ఎక్స్ ఇంటూ కాస్ ఎక్స్ లెక్క. "నాకు సైన్ స్క్వేర్ బై 2 వచ్చింది మేడమ్, కీలో మైనస్ కాస్ 2ఎక్స్ బై 4 ఉంది, మా ఫ్రెండుకు మైనస్ కాస్ స్క్వేర్ బై 2 వచ్చింది. నాలుగు సార్లు చేశాను, ఎక్కడ తప్పుతున్నానో తెలియడం లేదు." ఎక్కడా తప్పలేదు నాన్నా, మూడూ ఒప్పే అన్నాను. మొదటిదానికీ మూడోదానికీ తేడా సరిగ్గా 1/2, కీలో ఉన్నదానికీ అతని జవాబుకూ తేడా 1/4. స్థిర సంఖ్యలు, వాటి డెరివేటివ్ సున్నా. ప్లస్ సి ఉన్నది ఇందుకే. దాన్ని మార్కు పోకుండా చివర తగిలించే తోకగా మాత్రమే చెబితే, పిల్లలు ఇలా సరైన జవాబు పట్టుకుని అర్ధరాత్రి దాకా బాధపడతారు.

అపోహ: అన్నిటికీ ఏదో ఒక ట్రిక్కు ఉంటుంది, తెలివైనవాళ్లకు తడుతుంది

ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్ చిటికెలో అవుతుంది. ముందున్న ఎక్స్ తీసేస్తే? మనకు తెలిసిన బహుపదులు, త్రికోణమితి, లాగ్, ఘాత ప్రమేయాలతో దాని జవాబు రాయడం ఎవరి తరమూ కాదు. ఫ్రెంచి గణితవేత్త లియూవిల్ ఇలాంటి ఇంటిగ్రల్స్ ఎందుకు కుదరవో 1830ల్లోనే నిరూపించాడు. దాని తోబుట్టువైన ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్‌కూ అదే గతి. అయినా దాన్ని మైనస్ అనంతం నుంచి అనంతం వరకు చేస్తే విలువ చక్కగా √π. స్టాటిస్టిక్స్ పుస్తకం వెనుక నార్మల్ పట్టిక ఎందుకు ఇస్తారంటే, మధ్య విలువలను సూత్రంతో రాయలేం, సంఖ్యలుగా లెక్కగట్టాలి కాబట్టి. మీకు తట్టకపోవడం ప్రతిసారీ మీ లోపం కాదు.

అపోహ: ఇంటిగ్రేషన్ వదిలేసినా మిగతావాటితో గట్టెక్కవచ్చు

ఈ సలహా ఇచ్చేవారు దాని వెనుక వచ్చే నష్టాన్ని భరించరు, పిల్లలు భరిస్తారు. 2బి (ఇంటర్ రెండో సంవత్సరం గణితం రెండో పేపరు) చదివిన తరాలకు తెలుసు, ఇంటిగ్రేషన్ తర్వాత నిశ్చిత సమాకలనులు (డెఫినిట్ ఇంటిగ్రల్స్), ఆ తర్వాత అవకలన సమీకరణాలు (డిఫరెన్షియల్ ఈక్వేషన్లు). ఒకటి వదిలితే మూడూ పోయినట్లే. ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలుంటే 80 గణితానివే. సరే, ఎలాగో సీటు వచ్చిందనుకుందాం. బీటెక్ మొదటి సంవత్సరంలో లాప్లాస్ పరివర్తనలు, ద్విసమాకలనులు, గ్రీన్, గాస్, స్టోక్స్ సిద్ధాంతాలు ఎదురుచూస్తూ ఉంటాయి. ఎమ్‌1, ఎమ్‌2 (బీటెక్ గణితం పేపర్లు) బ్యాక్‌లాగ్‌లు నాలుగో సంవత్సరం దాకా మోసుకెళ్లి, ప్లేస్‌మెంట్ల ముందు వణికిపోయేవారితో మాట్లాడి చూడండి. చాలామంది కథ ఇంటర్‌లో "ఈ ఒక్క చాప్టరు వదిలెయ్" అన్న మాటతోనే మొదలై ఉంటుంది.

మాట్రిక్సుల మీద పుకార్లు, త్వరగా

"మాట్రిక్సులు సులువు, మార్కులు ఊరికే వస్తాయి." గుణించడం సులువే. కానీ ఏబీ, బీఏ ఒకటే అనుకుని (ఎ + బి)² ను మామూలు సంఖ్యల్లా విస్తరించి మార్కులు పోగొట్టుకునేవారు తక్కువేమీ కాదు. కావాలంటే (1, 0) బిందువును అపసవ్యంగా 90 డిగ్రీలు తిప్పి, తర్వాత ఎక్స్ అక్షంలో ప్రతిబింబం తీయండి. (0, -1) వస్తుంది. ముందు ప్రతిబింబం, తర్వాత తిప్పడం చేస్తే (0, 1). మాట్రిక్సుల గుణకారం అంటే ఇలా ఒకదాని తర్వాత ఒకటి చేయడమే, అందుకే క్రమం ముఖ్యం. ఏబీ సున్నా అయితే రెండింటిలో ఒకటి సున్నా కావాలన్నదీ తప్పే.

"నిర్ధారకం (డిటర్మినెంట్) సున్నా అయితే సాధన లేదు" అన్నది మరొకటి. ఎక్స్ + వై = 2, 2ఎక్స్ + 2వై = 4 తీసుకోండి. నిర్ధారకం సున్నా, సాధనలు అనంతం. 4 స్థానంలో 5 పెడితే ఒక్కటీ లేదు. మాట్రిక్సు కోటి (ర్యాంకు) చూడకుండా తీర్పు చెప్పకూడదు. మామూలు విలోమం లేని మాట్రిక్సులకు కూడా పనికివచ్చే సాధారణీకృత విలోమాల మీద 1962లో ముఖ్యమైన పత్రం రాసిన సి.ఆర్. రావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివినవారు. విలోమం లేదు అన్నచోట లెక్క ఆగిపోలేదని మా పిల్లలకు చెప్పడానికి ఆయన పేరు తలుచుకుంటాను.

వెక్టర్లు

వెక్టరును వెక్టరుతో భాగించకూడదని అందరికీ తెలుసు. కానీ ఎ·బి = ఎ·సి అని ఉంటే రెండు వైపులా ఎ కొట్టేస్తారు. అది భాగించడమే కదా! బి, సిల తేడా ఎ కు లంబంగా ఉన్నా చాలు, ఆ సమానత్వం నిలుస్తుంది. వజ్ర లబ్ధంలో (క్రాస్ ప్రోడక్టులో) బ్రాకెట్లను ఇష్టం వచ్చినట్లు జరపడం మరో తప్పు. ఐ × (ఐ × జె) అంటే ఐ × కె, అంటే మైనస్ జె. (ఐ × ఐ) × జె అంటే సున్నా. ఐర్లండు గణితవేత్త హామిల్టన్ 1843లో కనిపెట్టిన క్వాటర్నియన్లు అనే నాలుగు భాగాల సంఖ్యల్లోంచి మనకు వచ్చిన అక్షరాలే ఈ ఐ, జె, కె, క్రమం మారిస్తే గుర్తు మారడం అప్పుడే మొదలైంది.

పరీక్షకు కొద్ది వారాలే ఉంటే

చార్టు కోసం వెతకడం ఆపండి. ముందు డిఫరెన్షియేషన్ సరిచూసుకోండి, అది తడబడుతుంటే నాలుగు రోజులు దానికే ఇవ్వండి, ఆ నాలుగు రోజులూ వృథా పోవు. తర్వాత పాత ప్రశ్నపత్రాల్లోంచి ఇంటిగ్రేషన్ లెక్కలు మాత్రమే ఏరి, వరుస కలిపేసి, సాధనలు మూసిపెట్టి, మొదటి వరుసలు రాయడం మొదలుపెట్టండి. ఒక లెక్కకు రెండు దారులు తోస్తే రెండూ రాయండి. ఒకటి మూడు వరుసలకే అడ్డం తిరుగుతుంది, ఎందుకు తిరిగిందో పక్కన రాసుకోండి. పూర్తిచేసిన ప్రతి జవాబునూ డిఫరెన్షియేట్ చేసి సరిచూడండి. తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్న కూడా "ఎన్ని సూత్రాలు వచ్చాయి?" అని కాదు. నోటుపుస్తకంలో ఒక లెక్క చూపించి, "ఇది ఇలా ఎందుకు మొదలుపెట్టావు?" అని అడగండి. మీకు గణితం రాకపోయినా ఫరవాలేదు. మీ అబ్బాయి, మీ అమ్మాయి తడుముకోకుండా కారణం చెప్పగలిగితే పాఠం వచ్చినట్లే.