కలలో నిద్ర ముంచుకొస్తే: అపోహలు - వాస్తవాలు

కలలో ఎక్కడికో వెళ్తుంటారు. ఉన్నట్టుండి కళ్ళు కూరుకుపోతాయి, రెప్పలు ఎత్తుదామన్నా లేవవు, ఉన్నచోటే ఒరిగిపోతారు. ఈ కలకు ఫలితం ఏమిటని అడిగేవాళ్ళను నిద్ర వైద్యులుగా మేం ముందు అడిగేది ఒక్కటే: పగలు ఎలా ఉంటున్నారు?

అపోహ: ఆయుష్షు తీరుతోందనడానికి అది సూచన.

కలను బట్టి ఆయుష్షు చెప్పే పరీక్ష ఏదీ లేదు. కలలు చిక్కగా వచ్చే దశ రెమ్ నిద్ర. 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్తలు దాన్ని వెల్లడించారు. ఆ దశలో కళ్ళను తిప్పే కండరాలూ, ఊపిరి ఆడించే డయాఫ్రమూ తప్ప ఒంట్లో కండరాలు చాలావరకు సడలిపోతాయి. కలలో ఒళ్ళు బరువెక్కడానికి అదే మూలమై ఉండవచ్చని మా అభిప్రాయం. ఆ సడలింపు పోకముందే మెలకువ వస్తే ఒళ్ళు కదలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. దయ్యం పని కాదు. కాసేపట్లో అదే వదులుతుంది.

అపోహ: తెల్లవారుజాము కల నిజమవుతుంది.

నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా నడుస్తుంది. మొదటి చుట్టులో రెమ్ కొద్ది నిమిషాలే, తెల్లవారేసరికి అరగంట దాకా సాగుతుంది. అందులోంచి నేరుగా లేస్తాం కాబట్టి ఆ కల గుర్తుంటుంది, అంతే.

అపోహ: రాత్రి చెరువు కాపలా కాసినా, పగలు పడుకుంటే సరిపోతుంది.

డెల్టాలో మేం ఎక్కువగా పట్టించుకోమనేది దీన్నే. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తెల్లవారేముందు బాగా పడిపోతుంది. నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు చూసేవాళ్ళు అప్పుడు మేలుకొని ఉండక తప్పదు. ఒంటి వేడి అడుగంటి, నిద్ర ఆపుకోలేని వేళ కూడా అదే. పగలు పడుకుందామంటే వెలుతురు, ఉక్క, ఇంట్లో అలికిడి. గంటా రెండు గంటలైనా కోత పడుతుంది. ఇలా నిద్ర బాకీ పేరుకుంటే రెమ్ దశ తర్వాతి నిద్రలో పొంగుకొస్తుంది, కలలు గాఢమవుతాయి. ఇద్దరుంటే రాత్రిని సగం సగం పంచుకోండి. కాపలాకు వెళ్ళేముందు 20 నిమిషాల కునుకు తీయండి. లేవగానే బండెక్కి గట్టు మీదికి వెళ్ళొద్దు, మగత వదలడానికి 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తాగిన టీలో కెఫీన్ ఐదారు గంటలకు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. ఉదయం 6కి పడుకునేవాళ్ళకు అర్ధరాత్రిది ఆఖరి టీ కావాలి. పడుకునే గది కిటికీకి ముదురు రంగు గుడ్డ కట్టండి.

అపోహ: గురక పెడితే ఒళ్ళెరగని నిద్ర.

గొంతు దారి మూసుకుపోయి ఊపిరి 10 సెకన్లకు పైగా ఆగడం, లేదా బాగా తగ్గడం గంటకు 5 సార్లు దాటితే అది స్లీప్ ఆప్నియా. 30 దాటితే తీవ్రం. ఆగిన ప్రతిసారీ మెదడు ఉలికిపడుతుంది, మనిషికి తెలియదు. పొద్దున తలనొప్పి, నోరెండడం, అదుపులోకి రాని బీపీ తోడైతే ఆలస్యం చేయొద్దు.

అపోహ: మాత్రలకూ కలలకూ సంబంధం లేదు.

ఉంది. బీపీకి వాడే ప్రొప్రనొలాల్‌తో పీడకలలు రావచ్చు. డిప్రెషన్ మాత్రలు హఠాత్తుగా మానేసినా కలలు ముసురుతాయి, కాబట్టి డాక్టరును అడక్కుండా ఏదీ ఆపొద్దు. మద్యం ముందు రాత్రి రెమ్‌ను అణిచి, తెల్లవారుజామున విరుచుకుపడేలా చేస్తుంది.

పగటి మత్తును కొలవడానికి ఎప్‌వర్త్ స్కేలు ఉంది. టీవీ చూస్తూ, భోజనం చేసి ఊరికే కూర్చున్నప్పుడు, గంటసేపు కారులో ప్రయాణిస్తూ, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 10 దాటితే చూపించుకోండి. మాట్లాడుతూనే నిద్రలోకి జారినా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్ళు సడలిపోయినా మార్కులతో పని లేదు, అది పగలు నిద్ర ఆపుకోలేని జబ్బు, నార్కొలెప్సీ కావచ్చు. తేలేదాకా బండి నడపొద్దు.

వచ్చేటప్పుడు రెండు వారాల చిట్టా తెండి: పడుకున్న వేళ, లేచిన వేళ, పగటి కునుకులు, టీ, మాత్రలు. ఇంట్లోవాళ్ళు ఫోన్లో తీసిన రెండు నిమిషాల గురక వీడియో, వాడుతున్న మాత్రల అట్టలు కూడా.