అట్ట మీద సంవత్సరం, ఆటలో సంవత్సరం

"ఏటి మారిందన్నా ఇందులో?"

ద్వారకానగర్‌లో గంటల లెక్కన పీసీలు అద్దెకిచ్చే సెంటర్లో దసరా సెలవులు దగ్గరపడగానే ఈ ప్రశ్న వినిపించేది. కౌంటర్ దగ్గర కూర్చున్నాయన తలెత్తకుండానే "జెర్సీలు మారాయి" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఏటేటా సెప్టెంబర్‌లో ఈఏ కంపెనీ తెచ్చే ఫిఫా ఫుట్‌బాల్ గేమ్ మీద ఈ జోకు ఒక్క వైజాగ్‌లోనే కాదు, ఆడే ప్రతి ఊళ్ళోనూ ఉంది. కాకపోతే మన దగ్గర దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ ఎక్కువమంది ఆడింది పీసీ మీద. ప్రకటనల్లో కొత్తదని చూపించిన ఆట, పీసీలోకి వచ్చిన ఆట చాలాసార్లు ఒకటి కాదు.

మొదటి ఫిఫా 1993 డిసెంబర్‌లో వచ్చింది. మైదానాన్ని పక్క నుంచి కాకుండా, ఏటవాలుగా పై నుంచి చూపించడమే అప్పట్లో వింత. ఫిఫా 97 నాటికి బొమ్మలు త్రీడీ అయ్యాయి, ఫ్రెంచి ఆటగాడు డేవిడ్ జినోలా ఒంటి కదలికలను రికార్డు చేసి వాడారు. ఆ మరుసటి ఏడు ఫిఫా 98లో 172 దేశాల జట్లు పెట్టారు. కానీ బంతి మాత్రం కాలికి జిగురేసి అంటించినట్టే ఉండేది. ఆడేవాడి తెలివి కంటే వేగమే గెలిపించేది.

అసలు ఆట కావాలనుకున్నవాళ్ళు జపాన్ కంపెనీ కొనామి తీసిన ప్రో ఎవల్యూషన్ సాకర్ (పీఈఎస్) వైపు వెళ్ళారు. లైసెన్సులు లేక మాంచెస్టర్ యునైటెడ్‌ను 'మ్యాన్ రెడ్' అనీ, లివర్‌పూల్‌ను 'మెర్సీసైడ్ రెడ్' అనీ పిలిచిన రోజులవి. పేర్లు ఎలా ఉన్నా బంతికి బరువుండేది, పాస్ గట్టిగా కొడితే అందుకునేవాడు తడబడేవాడు. 2006లో వచ్చిన పీఈఎస్ 6ను మా బ్యాచ్‌లో కొందరు ఇప్పటికీ వదల్లేదు. అందులో అడ్రియానో కొట్టే ఎడమకాలి షాట్‌కి గోలీ (గోల్‌కీపర్) చేతులెత్తేయడమే. ఫిఫాలో నిజంగా మార్పు వచ్చిందంటే, వెనక ఈ పోటీ తరుముతుండడం వల్లేనని నా నమ్మకం.

పెద్ద మార్పు 2009లో ఫిఫా 10తో వచ్చింది. అంతకుముందు ఆటగాడు ఎనిమిది దిక్కుల్లోనే కదిలేవాడు. దీంతో 360 డిగ్రీలూ తిరగొచ్చన్నారు. పత్రికలన్నీ పొగిడాయి. మేమూ ఎదురుచూశాం. తీరా చూస్తే అది టీవీకి తగిలించి ఆడే కన్సోళ్ళు ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360లకే. అదే పేరుతో పీసీకి వచ్చింది పాత ఇంజిన్, అంటే ఆటని లోపల నడిపించే పాత ప్రోగ్రామే. కన్సోల్ ఇంజిన్ పీసీలోకి రావడానికి ఇంకో ఏడాది, ఫిఫా 11 దాకా ఆగాల్సి వచ్చింది.

వచ్చాక మాత్రం ఏం ఒరిగింది? సెంటర్లో ఉన్నవి కీబోర్డులు. యారో కీలు నాలుగే. రెండు కలిపి నొక్కితే ఇంకో నాలుగు దిక్కులు, మొత్తం ఎనిమిది. ఇంజిన్‌లో 360 డిగ్రీలున్నా మా వేళ్ళ కింద ఎనిమిదే. పరుగుకి 'ఈ', షాట్‌కి 'డీ', పాస్‌కి 'ఎస్'. మూడు కీలు ఒకేసారి నొక్కితే చవక కీబోర్డు ఒకదాన్ని మింగేసేది. గోల్ ముందు షాట్ పడకపోతే తిట్లు తినేది మాత్రం గేమే. చివరికి ఒకడు డాబాగార్డెన్స్‌లో బేరమాడి, పుల్లని ఏ దిక్కుకైనా తిప్పగలిగే గేమ్‌ప్యాడ్ కొనుక్కొచ్చాడు. ఆరోజు మైదానం అంచున పరిగెత్తే వాడి వింగర్ వంపు తిరుగుతూ నా డిఫెండర్‌ని దాటిపోతుంటే, రెండేళ్ళ క్రితం పత్రికలు పొగిడినదేంటో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాతి రెండేళ్ళ మార్పులు కొత్త కళ్ళకి కనిపించవు, ఆడేవాడికే తెలుస్తాయి. ఫిఫా 11 దాకా డిఫెన్స్ అంటే ఒక బటన్ నొక్కి పట్టుకోవడం. మన ఆటగాడు తనంతట తానే పరిగెత్తి బంతి లాక్కునేవాడు. ఫిఫా 12లో దాన్ని మార్చి, ఎదుటివాడికి ఎంత దూరంలో నిలబడాలో, ఎప్పుడు కాలు పెట్టాలో మనమే తేల్చుకోవాలన్నారు. మొదటి వారం అందరికీ అరడజను గోల్స్ పడ్డాయి. కొందరు మెనూలోకి వెళ్ళి పాత పద్ధతే పెట్టుకున్నారు. ఆ ఏడాదే ఆటగాళ్ళు ఢీకొనడానికి వేరే ఇంజిన్ పెట్టారు. ఒకరి మీద ఒకరు పడి చేతులూ కాళ్ళూ మెలికలు పడిపోతే ఆట ఆపి మరీ నవ్వుకునేవాళ్ళం. ఫిఫా 13లో బంతికీ కాలికీ మధ్య జిగురు తీసేశారు. వేగంగా వచ్చే బంతిని మామూలు ఆటగాడు ఒక్కసారికే ఆపలేడు, మెస్సీ ఆపుతాడు. నన్నడిగితే మొత్తం సిరీస్‌లో ఇంతకంటే మంచి మార్పు లేదు.

మళ్ళీ అదే కథ 2013లో. ఇగ్నైట్ అనే కొత్త ఇంజిన్‌తో ఫిఫా 14 కొత్త కన్సోళ్ళకి వచ్చింది, పీసీకి పాతదే. జనం దగ్గరున్న పీసీలు కొత్తదాన్ని లాగలేవన్నది కంపెనీ వాదన. మా సెంటర్ పీసీలను చూసినవాడెవడూ అది అబద్ధమనడు. 2014 సెప్టెంబర్ చివర్లో ఫిఫా 15తో ఆ ఇంజిన్ పీసీకి అందింది. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు, తాగడానికి నీళ్ళకే లైన్లు కట్టాం. కొత్త గోలీలు ఎలా దూకుతారో నేను చూసేసరికి దీపావళి దాటిపోయింది.

ఫిఫా 17లో ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్ మాత్రం పీసీకీ కన్సోళ్ళకీ కలిసే వచ్చింది. అయితే అప్పటికే ఆట మధ్యలో ఇంకోటి వచ్చి కూర్చుంది. 2009లో విడిగా డబ్బులు కట్టి దించుకునే చిన్న మోడ్‌గా మొదలైన అల్టిమేట్ టీమ్, ప్యాకులు కొని జట్టు కట్టుకునే బజారుగా పెరిగింది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టినవాడికి ఓడితే ఊరుకోబుద్ధి కాదు. వాళ్ళ గొడవకి తగ్గట్టు ఆటని మార్చే ప్యాచ్‌లు పడేవి. పక్క నుంచి గోల్ ముందుకి బంతి కొట్టే క్రాస్ సెప్టెంబర్‌లో నేర్చుకుంటే సంక్రాంతికి పనిచేయదు. ఇంట్లో కూర్చుని, ఒక్కడే ఒక జట్టుని సీజన్ల తరబడి నడిపే కెరీర్ మోడ్ ఆడుకునేవాడు ఏ పాపమూ ఎరగకపోయినా అదే ప్యాచ్ వాడికీ పడేది.

2021లో ఫిఫా 22 వచ్చింది. 22 మంది ఆటగాళ్ళకి సెన్సార్ల సూట్లు తొడిగి, పూర్తి మ్యాచ్ ఆడించి, ఆ కదలికలతో 4,000 పైగా కొత్త యానిమేషన్లు చేశారు. దానికి హైపర్‌మోషన్ అని పేరు. పీసీకి అది రాలేదు, వచ్చే ఏడు రమ్మన్నారు. మనకి ఓదార్పు ఏంటంటే ఆ గేమ్‌లోకే మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది, హైదరాబాద్ ఎఫ్‌సీతో సహా. ఆ సీజన్‌లో నిజంగానే హైదరాబాద్ కప్పు కొట్టింది. నేను ఆడించిన హైదరాబాద్ మాత్రం పాత ఇంజిన్ మీదే పరిగెత్తింది.

ఇంతలో పోటీదారు కూలిపోయాడు. కొనామి తన సిరీస్‌ని ఈఫుట్‌బాల్ అని పేరు మార్చి 2021 సెప్టెంబర్‌లో ఉచితంగా వదిలితే, ఆటగాళ్ళ మొహాలు చూసి లోకమంతా నవ్వింది. 2022లో ఈఏ, ఆ పేరు ఇచ్చిన ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా విడిపోయాయి. 2023 నుంచి ఆట పేరు ఎఫ్‌సీ అయింది.

2025లో వచ్చిన ఎఫ్‌సీ 26లో గేమ్‌ప్లేని రెండుగా చీల్చారు. అల్టిమేట్ టీమ్‌లాంటి ఆన్‌లైన్ ఆటలకి వేగంగా ఉండే కాంపిటిటివ్, కెరీర్ మోడ్‌కి నిదానంగా ఉండే ఆథెంటిక్. ఆన్‌లైన్ వాళ్ళ గొడవ ఇంట్లో ఆడేవాళ్ళ మీద పడకుండా ఉండాలంటే ఇది ఎప్పుడో చేయాల్సిన పని. ఇంజిన్ విషయంలో పీసీకి ఇప్పుడు లోటు లేదు, అదే రోజు అదే ఆట. కానీ మోసగాళ్ళని పట్టే సాఫ్ట్‌వేర్ కోసం పీసీలో సెక్యూర్ బూట్ (పీసీ ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలట. మొన్న మా సెంటరాయన ఒక్కో పీసీలో బయాస్, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల తెర, తెరిచి దానికోసం వెతుకుతున్నాడు. నాలుగింట్లో దొరికింది. మిగతావాటి మదర్‌బోర్డులు దానికి పనికొచ్చేవి కావు. వాటిలో ఇంకా ఫిఫా 15 ఉంది, గంట లెక్కన అదే ఆడిస్తున్నాడు.