త్సూక్‌త్స్వంగ్: ఒక చెస్ మాట చుట్టూ అపోహలు - వాస్తవాలు

పిల్లలకు ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) నేర్పే రోజున బోర్డు మీద ఈ జర్మన్ మాట Zugzwang అని రాస్తాను. వంతు వచ్చి ఎత్తు వేయక తప్పకపోవడమే ఆటగాణ్ణి ముంచే పరిస్థితికి పేరిది. క్లాసంతా "జుగ్‌జ్వాంగ్" అని చదువుతుంది.

అపోహ: ఇది మన నోరు తిరగని మాట.

వాస్తవం: 'చూడు', 'చుక్క' అన్నప్పుడు పలికే చ ఉంది కదా, పాత పుస్తకాల్లో ౘ అని అచ్చువేసేవారే, జర్మన్ జెడ్ పలుకు అదే. త్సూక్‌లో చివరి గ 'క్' అవుతుంది, డబ్ల్యూని 'వ' అంటారు. అంతే.

అపోహ: త్సూక్ అంటే రైలు. మరి చెస్‌లో రైలేంటి?

వాస్తవం: జర్మన్ నేర్చుకుంటున్న పిల్లలకు వచ్చే డౌటు ఇది, మంచి డౌటు. 'త్సీయెన్' అంటే లాగడం. దాన్నుంచి వచ్చిన నామవాచకమే త్సూక్. పెట్టెల్ని లాగితే రైలు, పావును లాగితే ఎత్తు. మనం పావును ఎత్తుతాం, వాళ్లు లాగుతారు! ఇక 'త్స్వంగ్' అంటే నిర్బంధం. మన తత్పురుష సమాసంలో లాగే అసలు మాట చివర ఉంటుంది, ముందుది దాన్ని వివరిస్తుంది. విగ్రహవాక్యం చెప్పాలంటే 'ఎత్తు వేయాల్సిన నిర్బంధం'. ఓటమి అన్న మాట అందులో ఎక్కడా లేదు. నాకు ఈ మాట మీద ఇష్టం అందుకే.

అపోహ: ఏం ఆడినా ఓడిపోయే పొజిషన్ ఏదైనా త్సూక్‌త్స్వంగే.

వాస్తవం: నేను ఎక్కువగా సరిదిద్దే తప్పు ఇదే. ఊరికే క్వీన్ పోగొట్టుకున్నవాడు ఎత్తు వేయకపోయినా ఓడతాడు. ఇక్కడ ముంచేది వంతు రావడమే. బోర్డు మీద పెట్టి చూడండి (అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డ వరుసకు గుర్తు): తెల్ల రాజు ఎఫ్5, తెల్ల బంటు ఈ4, నల్ల రాజు డీ4, నల్ల బంటు ఈ5. ఇద్దరు రాజులూ తమ బంటును కాస్తూ ఎదుటి బంటు మీద కన్నేసి ఉన్నారు. ఎవరి వంతైతే వాళ్ల రాజు కదలక తప్పదు, కదిలితే బంటు పోతుంది, దాంతో ఆటా పోతుంది. "పాస్ అనకూడదా సార్?" అని ఒకరైనా అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తాను: పాస్ అనే వీలు లేకపోవడమే ఆ నిర్బంధం.

అపోహ: ఈ మాటను చెస్ ఆటగాడు నిమ్‌జోవిచ్ పుట్టించాడు.

వాస్తవం: 1858 నాటికే జర్మన్ చెస్ రాతల్లో ఉంది. ఇంగ్లిష్‌లో తొలిసారి కనిపించేది 1905లో, చెస్ ప్రపంచ ఛాంపియన్ ఇమాన్యుయేల్ లాస్కర్ రాతలో. 1923లో కోపెన్‌హాగన్‌లో నిమ్‌జోవిచ్ జేమిష్‌ను ఓడించిన ఆట వల్ల మాటకు పేరొచ్చింది. నల్లపావులతో ఆడిన నిమ్‌జోవిచ్ 25వ ఎత్తుగా బంటును హెచ్6కి జరపగానే జేమిష్ ఓటమి ఒప్పుకున్నాడు. అయితే అక్కడ జేమిష్ పాస్ అనగలిగినా, నల్ల రూక్ ఎఫ్3కి వచ్చి అతని క్వీన్‌ను పట్టేసేది. అంటే ముంచింది వంతు రావడం ఒక్కటే కాదు, కాబట్టి అది అచ్చమైన త్సూక్‌త్స్వంగ్ కాదు.