స్లోన్ బొమ్మ కదిలింది 2020లో, సొత్తు కదలడం మొదలైంది 1767లో

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఒకటో నంబరు గది ఒకప్పుడు మూడో జార్జి గ్రంథాలయం కోసం కట్టిన హాలు. మ్యూజియానికి 250 ఏళ్లు నిండిన సందర్భంగా 2003లో దాన్ని పద్దెనిమిదో శతాబ్దపు సేకరణల ప్రదర్శనశాలగా మార్చారు. అందులో మైకేల్ రిస్‌బ్రాక్ కాల్చిన మట్టితో చేసిన అర్ధశిల్పం ఒకటుంది. అది మ్యూజియానికి మూలపురుషుడు సర్ హాన్స్ స్లోన్ బొమ్మ. 2020 ఆగస్టు దాకా పీఠం మీదే ఉండేది. కోవిడ్ మూత తర్వాత తలుపులు తెరిచేసరికి అద్దాల బీరువాలోకి చేరింది. పక్కన బానిసత్వం, సామ్రాజ్యం, సేకరణ గురించిన వివరణ పలకలు వచ్చాయి.

బొమ్మ ఆ గది దాటి బయటికి కూడా పోలేదు. అయినా అప్పటి డైరెక్టర్ హార్ట్‌విగ్ ఫిషర్ ‘పీఠం మీద నుంచి తోసేశాం’ అన్న ధోరణిలో ఒక దినపత్రికతో మాట్లాడటంతో పెద్ద రచ్చయింది. నెల తిరక్కుండానే సాంస్కృతిక శాఖ మంత్రి ఆలివర్ డౌడెన్ మ్యూజియాలకు లేఖ రాశారు. విగ్రహాలు తొలగించడం ప్రభుత్వానికి సమ్మతం కాదని, ప్రజాధనంతో నడిచే సంస్థలు ఉద్యమాల ఒత్తిడికి తలొగ్గి పనిచేయకూడదని దాని సారాంశం. ప్రభుత్వం వాదన క్లుప్తంగా ఇది: స్థాపకుడి సేకరణ జాతి సొత్తు, దాన్ని కాపాడటమంటే జాతి చరిత్రను కాపాడటమే. పార్థినాన్ శిల్పాల మీద గ్రీసు అడిగినా, బెనిన్ కంచు ఫలకాల మీద నైజీరియా అడిగినా, మన అమరావతి శిల్పాల ప్రస్తావన వచ్చినా లండన్ నుంచి వచ్చే జవాబుకు పునాది ఇదే. మూలపురుషుడి సేకరణ చెక్కుచెదరకుండా ఉంచుతామని 1753లో మాటిచ్చాం, ఇప్పుడు చట్టం మా చేతులు కట్టేసింది అంటారు.

స్లోన్ జీవితకథ 2020 నుంచి చాలాసార్లు వచ్చింది కాబట్టి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఉత్తర ఐర్లండ్‌లో 1660లో పుట్టిన వైద్యుడు. 1687లో గవర్నరు వెంట జమైకా వెళ్లి పదిహేను నెలలు ఉన్నాడు. 1695లో జమైకా తోటల యజమాని భార్య, అప్పటికి వితంతువైన ఎలిజబెత్‌ను పెళ్లాడాడు. బానిసలు పండించిన ఆ తోటల రాబడిలో మూడో వంతు ఆ ఇంటికి వచ్చింది. వైద్యంలో వచ్చిన ఫీజులూ ఈ రాబడీ కలిసి సేకరణకు పెట్టుబడి అయ్యాయి. తగవు తెగాలంటే మాత్రం ఈ జీవితకథ కన్నా వీలునామా, ఆ తర్వాతి చట్టాలు చదవాలి.

స్లోన్ 1753 జనవరిలో తొంభై రెండేళ్ల వయసులో పోయాడు. వస్తువులు 71 వేలకు పైగా ఉన్నాయి. వాటి విలువ 80 వేల పౌండ్ల పైమాటేనని ఆయన లెక్క. ఇద్దరు కూతుళ్లకు 20 వేల పౌండ్లు ఇస్తే సేకరణంతా దేశానికి చెందుతుందని రాశాడు. ‘జాతి సొత్తు’ అనేవాళ్లు తర్వాతి షరతు దగ్గర తొందరగా పేజీ తిప్పేస్తారు. బ్రిటన్ వద్దంటే సెయింట్ పీటర్స్‌బర్గ్, పారిస్, బెర్లిన్, మాడ్రిడ్ విద్వత్ సభలకు ఇవ్వజూపాలని అందులో ఉంది. స్లోన్ పట్టుబట్టింది సేకరణ ముక్కలు కాకుండా ఒక్కచోట ఉండాలని. ఏ దేశంలో అన్నది రెండో సంగతి.

ఆ ఏడాది జూన్‌లో పార్లమెంటు చట్టం చేసింది. డబ్బు కోసం లాటరీ పెట్టారు: టికెట్టు మూడు పౌండ్లు, లక్ష టికెట్లు. టికెట్లను గుత్తగా పక్కదారి పట్టించిన నిర్వాహకుడు పీటర్ లెహ్యూప్‌కు వెయ్యి పౌండ్ల జరిమానా పడింది. ఖర్చులు పోను మిగిలింది 95 వేలకు పైగా. అందులోంచి 20 వేలు స్లోన్ కూతుళ్లకు, 10 వేలు హార్లీ వంశం రాతప్రతులకు, మరో 10 వేల చిల్లర మ్యూజియం కోసం కొన్న మాంటేగ్యూ భవనానికి పోయాయి. స్లోన్ సేకరణ అన్ని శాఖలతో, ఒకేచోట, చెక్కుచెదరకుండా, వేరుగా పోల్చుకునే గుర్తులతో ఉండాలని చట్టంలో రాశారు. ఈ ‘గుర్తులు’ అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఒక్కటై అప్పటికి 46 ఏళ్లే. రాజు పేరూ ఇంగ్లండ్ పేరూ కాకుండా ‘బ్రిటిష్’ అని పేరు పెట్టడంలో ఆ కొత్త రాజ్యపు ఆశ కనబడుతుంది.

మాట పద్నాలుగేళ్లు నిలిచింది. 1767లో పార్లమెంటు మరో చిన్న చట్టం చేసి, పుస్తకాలు, పతకాలు, నాణేలు, ఇతర వింత వస్తువుల్లో డూప్లికేట్లు ఉంటే మార్చుకోవడానికి, అమ్ముకోవడానికి ట్రస్టీలకు అనుమతిచ్చింది. 1769లో పుస్తకాల వేలం జరిగింది, 1788లో ఇంకోటి. మొత్తం కథకు మలుపు ఇక్కడుంది. చెక్కుచెదరకూడదన్న నియమం ‘అలాంటిది ఇంకోటి లేకపోతేనే చెదరకూడదు’ అని మారిపోయింది. అలాంటిది ఇంకోటి ఉందో లేదో తేల్చేది ట్రస్టీలే.

డూప్లికేటు అంటే ఏమిటన్నది వినడానికి తేలిక, చేతిలోకి తీసుకుంటే కష్టం. ఒకే ముద్రణ పుస్తకం రెండు ప్రతులున్నా ఒకదాని అంచుల్లో పాత యజమాని రాతలుంటాయి, ఇంకోదానికి వేరే బైండింగు ఉంటుంది. శుభ్రంగా ఉన్న ప్రతిని ఉంచుకుని రాతలున్నదాన్ని అమ్మితే పోయేది చరిత్రే. నాణేలు ఇంకా చిక్కు. ఒకే రాజు, ఒకే టంకశాల అయినా అచ్చు దిమ్మ వేరైతే అవి రెండు వేరు నాణేలు. దిమ్మలు పోల్చి చూసే ఓపిక లేకపోతే అరగని నాణెం ఉంటుంది, అరిగింది పోతుంది. అది స్లోన్‌దా, మ్యూజియంలోనే కలిసిన రాబర్ట్ కాటన్ సేకరణదా అన్నది అప్పటికి ఎవరికీ పట్టదు. పైగా నాణేలను దాతల వారీగా కాకుండా రాజుల వారీగా, లోహం వారీగా సర్దారు. స్లోన్ దగ్గర నాణేలు, పతకాలు కలిపి 32 వేలు ఉండేవి. ఒకసారి ట్రేల్లో కలిసిపోయాక, రిజిస్టరు నంబరు లేనిదాన్ని వెనక్కి ఏరడం దాదాపు అసాధ్యం.

1807లో ఇంకో చట్టం వచ్చి, భద్రపరచడానికి పనికిరాని వస్తువులను వదిలించుకోవచ్చంది. దాని చలవ జంతువుల మీద పడింది. తోలు సరిగా పదును చేయక, గడ్డి కూరి కుట్టిన జంతువులకు పురుగు పట్టింది. 1813 నుంచి ఆ విభాగంలో పనిచేసిన విలియం లీచ్‌కు స్లోన్ కాలపు కూరుడు పనంటే చిన్నచూపు. పాడైన నమూనాలను మ్యూజియం తోటలో కుప్పవేసి తగలబెట్టించేవాడు, వాటికి ‘దహన సంస్కారాలు’ అని ముద్దుపేరు కూడా పెట్టాడు. మొక్కలు మాత్రం బతికాయి. కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి పెద్ద సంపుటాలుగా కుట్టడమే కారణం: గాలి తక్కువ, తడి తక్కువ, ఎవరూ కదిపే పని లేదు. ఆ 265 సంపుటాలు ఇప్పటికీ ఉన్నాయి, కాకపోతే బ్రిటిష్ మ్యూజియంలో కాదు.

1878లో మరో చట్టంతో వృక్ష, జంతు, ఖనిజ నమూనాలను సౌత్ కెన్సింగ్టన్‌కు తరలించే వీలు కల్పించారు. 1881లో కొత్త భవనం తెరిచారు, అదే నేటి నేచురల్ హిస్టరీ మ్యూజియం. స్లోన్ సేకరణలో ఆయన సొంత చేతులతో జమైకాలో కోసి తెచ్చిన భాగమే అలా గడప దాటింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1880లో, లండన్‌లోనే ఉన్న ఇండియా మ్యూజియం మూతపడటంతో అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. వాల్టర్ ఇలియట్ 1845లో గుంటూరు జిల్లాలో తవ్వించి మద్రాసు పంపినవి, 1859లో లండన్ చేరినవి, సుమారు 120. ‘మార్బుల్స్’ అని పిలిచారు గానీ అవి పలనాటి సున్నపురాయి. దశాబ్దాల పాటు మెట్ల దారి గోడలకు బిగించి ఉంచారు. లండన్ గాలికి సున్నపురాయి పొర లేస్తుంది. చివరికి 1992లో గాలి, తేమ అదుపు చేసే అద్దాల గది, 33ఏ, కట్టాక గానీ అవి కుదురుకోలేదు. స్లోన్ సొత్తు బయటికి, మన రాళ్లు లోపలికి, రెండూ ఒకే పైకప్పు కింద ఒకే ఏడాది రెండేళ్లలో జరిగాయి. ‘స్థాపకుడి సేకరణను విడదీయలేం’ అని మనవాళ్లకు చెప్పినప్పుడు ఈ తేదీలు పక్కన పెట్టుకుని వినాలి.

1972 చట్టంతో పుస్తకాలు, రాతప్రతులు బ్రిటిష్ లైబ్రరీకి చెందాయి. అంటే స్లోన్ సేకరణ ఈ రోజు మూడు సంస్థల కింద, మూడు కేటలాగు పద్ధతుల్లో ఉంది. ఏది ఆయనదో పోల్చాలంటే మిగిలింది గుర్తులే. పుస్తకమైతే ఆయన వేసిన అక్షరం-అంకె సంకేతం, మ్యూజియం నల్లసిరాతో కొట్టిన అష్టభుజి ముద్ర చూస్తారు. వస్తువైతే దానిమీద అంటించిన చిన్న కాగితపు చీటీ మీది నంబరును ఆయన చేతిరాత రిజిస్టరుతో సరిపోల్చాలి. చీటీ జిగురు ఎండి రాలిందా, వస్తువు అనాథ. గింజలు, బెరళ్లు, వేర్ల లాంటివి 12 వేలకు పైగా చిన్న పెట్టెల్లో ఉండేవి. అక్కడ నంబరు పెట్టె మీద ఉంది కాబట్టి పెట్టె ఉన్నవాటికి పేరుంది. ఈ చేతిరాత రిజిస్టర్లను అక్షరం అక్షరం ఎక్కించి, మూడు సంస్థల రికార్డులను కంప్యూటర్లో కలిపే పని పరిశోధకులు గత దశాబ్దంలోనే మొదలుపెట్టారు.

రిజిస్టరు ఉన్నా తంటా తీరదు. నంబరు 1368 చూడండి. మూరెడు ఎత్తు కూడా లేని డోలు, వర్జీనియా నుంచి ఒక పాద్రీ పంపింది. రిజిస్టరులో ‘ఇండియన్ డోలు’ అని ఉంది, అంటే మనవాళ్లది కాదు, అమెరికా ఆదివాసులదని అర్థం. చెట్టు మోడు తొలిచి, మేకులూ తోలు వార్లతో బిగించిందని ఆకారం కూడా రాశారు. దాదాపు రెండు శతాబ్దాలు అది అమెరికా వస్తువుగానే చెలామణి అయింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆకారం చూసి అనుమానించి, తర్వాత కలప పరీక్షించారు. ఒళ్లు మన విరిగి చెట్టుకు దాయాది అయిన ఆఫ్రికా కార్డియా, మేకులు బాఫియా కలప. రెండూ పశ్చిమాఫ్రికావి. పైన మాత్రం జింక చర్మం. ఘనా ప్రాంతపు అకాన్ జనం డోలు, బహుశా బానిసల ఓడలో సముద్రం దాటింది. మ్యూజియంలో బానిసత్వపు జాడ 2020లో ఎవరో కొత్తగా తెచ్చి పెట్టారనేవాళ్లకు ఈ డోలు జవాబు చెబుతుంది. అది మొదటి రోజు నుంచీ లోపలే ఉంది. చీటీ తప్పు.

ఇక 1963 చట్టం. ఇప్పుడు అందరూ చూపించే తాళం ఇదే. ఐదో సెక్షను ప్రకారం వస్తువును వదులుకోవాలంటే మూడే దారులు: డూప్లికేటు కావాలి, లేదా 1850 తర్వాతి అచ్చు కాగితమై ఫోటో నకలు దగ్గరుండాలి, లేదా ఉంచుకోవడానికి తగనిదై, తీసేస్తే అధ్యయనం చేసేవాళ్లకు నష్టం ఉండకూడదు. దెబ్బతిని, శిథిలమై, పురుగు పట్టి నిరుపయోగమైనదాన్ని పారేయవచ్చు. 1767, 1807 నాటి మాటలే కొత్త బట్టలు వేసుకుని వచ్చాయి. చిత్రం ఏమిటంటే స్లోన్ మొక్కలను చట్టపరంగా వేరే ట్రస్టీల బోర్డుకు అప్పగించిందీ ఈ చట్టమే. 1950-72 మధ్య ముప్పైకి పైగా బెనిన్ ఫలకాలను డూప్లికేట్ల పేరుతో అమ్మేశారు. చేత్తో పోతపోసిన ఫలకాల్లో ఒకదాని నకలు ఇంకోటి కాదని ఈ రోజు మ్యూజియం నిపుణులే ఒప్పుకుంటారు.

తాళం తీయాలనుకుంటే తీయడం వాళ్లకు తెలుసు. 1939లో నాజీ రహస్య పోలీసు దళం గెస్టపో ఒక చెక్ యూదు కుటుంబం నుంచి దోచిన నాలుగు చిత్రాలను తిరిగివ్వడానికి మ్యూజియం సిద్ధపడితే, నైతిక బాధ్యత ఉన్నా 1963 చట్టం ఒప్పుకోదని 2005లో హైకోర్టు చెప్పింది. నాలుగేళ్లకు పార్లమెంటు నాజీల కాలపు దోపిడీకి మాత్రం వేరే చట్టం చేసి దారి ఇచ్చింది.

‘మా దగ్గరే భద్రం’ అన్న వాదనకు 2023 ఆగస్టులో దెబ్బ తగిలింది. సుమారు 2,000 వస్తువులు పోయాయనో, పాడయ్యాయనో బయటపడింది. ఎక్కువ భాగం చిన్న రత్నాలు, నగలు. చాలావాటికి సరైన కేటలాగు నమోదే లేదు. ఫిషర్ రాజీనామా చేశారు. రికార్డు లేని వస్తువు పోతే పోయిందని చెప్పడం కూడా కష్టం, బజారులో దొరికితే మాదేనని నిరూపించడం మరీ కష్టం. 24 లక్షల రికార్డులను కొత్తగా ఎక్కించి లేదా సరిదిద్ది ఐదేళ్లలో సేకరణంతా కంప్యూటర్లో పెడతామని ఆ అక్టోబరులో ప్రకటించారు. స్లోన్ వస్తువుకో నంబరు వేసి చేతిరాతతో చేసిన పనిలో మిగిలిపోయిన బాకీ అది.

నంబరు 1368 డోలుకు రాని వెసులుబాటు ఘనా బంగారానికి వచ్చింది, అదీ సగమే. ఇప్పటి ఘనాలోని అసాంటే రాజ్యపు ఆభరణాల్లో, ఎక్కువ భాగం బ్రిటిష్ సైన్యం ఎత్తుకొచ్చినవే, బ్రిటిష్ మ్యూజియం 15, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 17 వస్తువులను 2024లో కుమాసీలోని రాజభవన మ్యూజియానికి పంపాయి. ఇచ్చింది అప్పుగా. గడువు మూడేళ్లు, ఇంకో మూడేళ్లు పొడిగించుకోవచ్చు. చట్టం మారకపోతే గడువు తీరాక అవి మళ్లీ పెట్టెల్లో లండన్ చేరాలి.